పాప తీసిన కవరు

డెబ్బైల చివర్లో, మా ఇంట్లో పొద్దున లేవగానే జరిగే మొదటి పని పాప మూత్రం కాచి చూడడం. ఆసుపత్రి వాళ్ళిచ్చిన సన్నటి గాజు గొట్టంలో కొంచెం పోసి, స్పిరిట్ దీపం మీద పెట్టి, పొంగిపోకుండా ఆడిస్తూ కాచాలి. నీళ్ళలా తేటగా ఉంటే ఆ రోజుకు మంచిదే. విరిగిన పాలలా తెల్లగా గడ్డలు కడితే జబ్బు తిరగబెట్టినట్టు. వంటింట్లో ఈ పని పెట్టుకోవడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. అందుకని నా భార్య పెరట్లో బట్టలుతికే బండ మీద దీపం పెట్టుకుని, గాలికి కొంగు అడ్డం పట్టుకుని కాచేది. బాగుంటే ఏమీ మాట్లాడకుండా గొట్టం కడిగి గూట్లో పెట్టి, పాలు కాచుకోవడానికి లోపలికి పోయేది. బాగాలేకపోతే నన్ను పిలిచేది.

"ఒగసారి ఇట్ల రాండి," అనేది. అంతే.

మొదట్లో ఆ పిలుపు వింటే చేతిలో ఉన్నది అక్కడే పడేసి పరుగెత్తేవాణ్ణి. తర్వాత్తర్వాత భయం కూడా అలవాటైపోయింది. పోయి, గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "ఊఁ" అని వచ్చి పళ్ళు తోముకునేవాణ్ణి. పొద్దున్నే మండీకి బండ్లు వచ్చేస్తాయి. వాటికి మా ఇంటి సంగతి అక్కర్లేదు.

పాప మాకు ఒక్కతే బిడ్డ. అప్పటికి ఏడో ఏడు. జబ్బు మొదలైనప్పుడు మేం దాన్ని జబ్బనుకోలేదు. పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బి ఉంటే ఎక్కువ నిద్రపోయిందనుకున్నాం. బుగ్గలు నిండితే, ఒళ్ళు చేస్తోందని మా అమ్మ మురిసిపోయి దిష్టి కూడా తీసింది. కాలి పట్టీలు బిగుసుకుపోయి, కంసాలి దగ్గరికి పోయి వాటిని కత్తిరించాల్సి వచ్చినప్పుడు తెలిసింది, అది కండ కాదు, నీరని. చిత్తూరులో చూసిన డాక్టరు తిరుపతికి తీసుకుపొమ్మన్నాడు. అక్కడ పిల్లల డాక్టరొకాయన, నా ఈడువాడే, పాపను బల్ల మీద పడుకోబెట్టి కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూస్తూ నిలబడ్డాడు.

"మూత్రపిండాలు వడపోసే గుడ్డ మాదిరి అన్నా," అన్నాడు. "ఆ గుడ్డ నేత వదులైపొయ్యి ఉండాది. ఒంట్లో సత్తువ నిలవకుండా మూత్రంలో పోతా ఉండాది. అందుకే ఇట్ల నీరు పడతా ఉండాది."

"బాగవుతాదా సార్?"

"శానామంది పిల్లలకు బాగవుతాది. కొందరికి పోతాది, మళ్ళా వస్తాది. ఈ పాప ఏ రకమో సూస్తే గానీ తెలీదు."

మా పాప రెండో రకం. మందు వేస్తే నీరు లాగేసేది. మందు తగ్గిస్తే మళ్ళీ పట్టేది. మందు వేసినన్నాళ్ళు ముఖం పూరీలా గుండ్రంగా ఉబ్బి, ఆకలి విపరీతంగా వేసి, మధ్యాహ్నం అన్నం తిన్న చేయి ఆరకముందే మళ్ళీ వంటింటి గడపలో వచ్చి కూర్చునేది. ఉప్పు మానేయమన్నారు. పాపకొక్కదానికే వేరే వండితే చిన్నబుచ్చుకుంటుందని నా భార్య ఇంటిల్లిపాదికీ ఉప్పు లేకుండా వండింది. నాకు కోపం వచ్చేది. ఎవరి మీద కోపమో తెలియక రసం మీద చూపించేవాణ్ణి. బెల్లానికి మాత్రం అడ్డు లేదన్నారు, మా ఇంట్లో బెల్లానికి కొదవా లేదు.

నాది చిత్తూరులో బెల్లం మండీ. నాయన నుంచి వచ్చిన వ్యాపారం. చుట్టుపక్కల పల్లెల రైతులు బండ్ల మీద దిమ్మలు తెస్తారు, మదరాసు నుంచీ వేలూరు నుంచీ షావుకార్లు వచ్చి కొంటారు, మధ్యలో కమీషనుకు నేను. ఆ రోజుల్లో మా మండీలో బేరం నోటితో జరిగేది కాదు. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ ఒక తుండుగుడ్డ కింద కలిసేవి. వేళ్ళు పట్టుకుని నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు. చుట్టూ నిలబడ్డవాళ్ళు ముఖాలు చూసి ఊహించుకోవాల్సిందే. ఈ పద్ధతిలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి, డాక్టరు తన పరిశోధన గురించి చెప్పినప్పుడు నాకు సగం అర్థమైంది.

"కొత్త మందొకటి వచ్చి ఉండాది," అన్నాడాయన. "ఇట్ల తిరగబెట్టే పిల్లలకు అది పనిచేస్తాదో లేదో ఎవరికీ గట్టిగా తెలీదు. తెలుసుకోవాలంటే కొందరికి ఇచ్చి, కొందరికి ఇయ్యకుండా సూడాల. పాత మందు అందరికీ ఉంటాది. దాంతోపాటు సగం మందికి కొత్త మందు, సగం మందికి అదే మాదిరిగా ఉండే ఉత్త మాత్ర. దాంట్లో మందుండదు."

"ఎవరికి ఏది ఇయ్యాలో మీరు సూసి ఇస్తారా?"

"నాకూ తెలీదు. తెలిస్తే నా కన్ను పక్షపాతం చూపిస్తాది. మదరాసులో ఒక పెద్దాయన దగ్గర మాత్రం ఆ గుట్టు ఉంటాది, సీలు వేసి. అంతా అయినంక తెరుస్తారు."

తుండుగుడ్డ కింద ఉన్న రెండు చేతులకూ ధర తెలియని బేరం నేను అంతకుముందు చూడలేదు. మందంటూ ఒకటి ఉన్నప్పుడు ఇవ్వక, ఈ దోబూచులాట ఏమిటని అడిగేశాను. ఆయన విసుక్కోలేదు. "అది మందని ఇంకా రుజువు కాలేదన్నా," అన్నాడు. "మేలు చేస్తాదనుకోని ఇచ్చి, కీడు చేసినవి శానా ఉండాయి. మీ పాపకు ఇయ్యక ముందే నాకు తెలిసి ఉంటే బాగుండు. ఇట్ల సూస్తేనే తెలిసేది." ఆ జవాబు న్యాయంగా ఉంది. న్యాయంగా ఉన్నందుకే నాకు ఇంకా చిరాకేసింది.

మా అమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఆమెకు ఇదంతా తలకెక్కలేదు. ఉత్త మాత్రలు ఇచ్చే డాక్టర్లు కూడా ఉంటారా అన్నట్టు ఆయన్ని ఎగాదిగా చూస్తోంది. ఆయన మంచివాడు. ముసలామెకు కూడా తెలియాలి గదా అని ఆమె వైపు తిరిగి, నవ్వుతూ, "మీ ఇండ్లల్లో పూలు కట్టి అడగతారు గదమ్మా. ఇదీ అట్లే అనుకో. ఎవరికి ఏది రావాలో అదే వస్తాది," అన్నాడు.

మా అమ్మ ముఖం విప్పారింది. ఇంత తేలిక సంగతి ఇంతసేపు ఎందుకు చెప్పారన్నట్టు నా వైపు చూసింది.

పూలు కట్టి అడగడమంటే మా వైపు ఏ ఇంట్లోనైనా ఉన్నదే, అరవ దేశం సరిహద్దు కాబట్టి అటువైపూ ఉంది. ఏదైనా తేలని విషయం ఉంటే తెల్ల పువ్వొకటి, ఎర్ర పువ్వొకటి విడివిడిగా తమలపాకుల్లో చుట్టి దారం కట్టి, స్వామి పటం ముందర వేస్తారు. దండం పెట్టుకుని, ఒక పసిబిడ్డ చేత వాటిలో ఒకటి తీయిస్తారు. తెల్లది వస్తే సరే, ఎర్రది వస్తే వద్దు. మా అమ్మ ఈ విద్యలో పండిపోయింది. నా పెళ్ళి సంబంధం తెల్ల పువ్వు. నేను కాలేజీకి పోతానంటే ఎర్ర పువ్వు. పెరట్లో బావి తవ్వాలా వద్దా అన్నదానికి కూడా స్వామికే పని పెట్టింది. దీనికి ఒకే ఒక్క కట్టుబాటు ఉంది. అడిగినదాన్ని మళ్ళీ అడగకూడదు. వచ్చిందాన్ని కాదనకూడదు. అట్లా చేస్తే స్వామి మాట మీద నమ్మకం లేనట్టు, ఇక ఆ ఇంటి విషయంలో ఆయన కలగజేసుకోడని అమ్మ నమ్మకం. మా పాప నడక నేర్చినప్పటి నుంచి వీధి వీధంతా పూలు తీయించడానికి దాన్నే పిలుచుకుపోయేవాళ్ళు. పాప చెయ్యి మంచిదని పేరు.

డాక్టరు దగ్గర ఒక అట్టపెట్టెలో గోధుమరంగు కవర్లు ఉన్నాయి. ఒక్కో కవర్లో ఒక్కో నంబరు. ఏ నంబరు వస్తే ఆ నంబరు మాత్రల డబ్బా ఆ బిడ్డకు. ఆయన ఒక కవరు తీయబోతుంటే మా అమ్మ ఆపింది.

"మా పాపతో తీయించు నాయనా," అంది.

ఆయన నవ్వి, "ఏది తీసినా ఒకటే గదా," అని నాతో అంటూ పెట్టెను పాప ముందుకు జరిపాడు. కిటికీలోంచి కొండ కనబడుతోంది. అమ్మ చెప్పులు విడిచి కొండ వైపు తిరిగి, చేతులు జోడించి చాలాసేపు నిలబడింది. నా భార్య కూడా లేచి నిలబడింది. పాప ఇంట్లో చేసినట్టే కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి పెట్టి, ఒక కవరు లాగింది.

"తెల్లదా, ఎర్రదా?" అని అడిగింది డాక్టర్ని.

"నాకూ తెలీదు పాపా," అన్నాడాయన.

ఆ తర్వాత చాలా నెలలు గొట్టం తేటగానే ఉంది. అంత మంచి రోజులు ఆ జబ్బు వచ్చాక మాకు మళ్ళీ లేవు. కాళ్ళు సన్నబడి, పట్టీలు మళ్ళీ చేయించాం. పాప బడికి పోయింది. మా అమ్మ వీధిలో కనబడినవాళ్ళందరికీ స్వామి తెల్ల పువ్వు ఇచ్చాడని చెప్పింది. అది పూలూ కాదు పాడూ కాదు, డాక్టర్ల లెక్క అని నేనొకసారి అన్నాను. "ఏదైతేనేం రా, వచ్చింది గదా," అంది. ఆ వాదన అక్కడితో ఆగిపోయింది. గొట్టం తేటగా ఉన్నన్నాళ్ళు ఎవరి నమ్మకం వాళ్ళకు బాగానే నడిచింది.

నెలకోసారి పాకాల మీదుగా బస్సులో తిరుపతికి పోయేవాళ్ళం. పాప కిటికీ పక్కన కూర్చుని వక్కపొడి రంగు కొండలన్నిటికీ పేర్లు పెట్టేది. ఆసుపత్రి వరండాలో మాలాంటి వాళ్ళే ఇంకొందరు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చునేవాళ్ళు. అందరం అదే పరిశోధనలో ఉన్నాం. ఒకరి పిల్లల ముఖాలు ఒకరం దొంగచూపులు చూసుకునేవాళ్ళం. ఎవరికి మందు పడిందో, ఎవరికి ఉత్త మాత్రలు పడ్డాయో కనిపెట్టాలని. ఎదుటి బిడ్డ కళ్ళు ఉబ్బి ఉంటే, సరే, ఉత్తవి వాళ్ళకు పోయాయి, మనది మందే అని లోపల కుదుటపడేవాణ్ణి. పరిశోధన అంటే ఏమిటో నాకు బాగా తెలిసింది ఆ వరండాలోనే. మన బిడ్డ బాగుంటే సరిపోదు. పక్క బిడ్డతో పోల్చి బాగుండాలి. ఆ పక్క బిడ్డ తండ్రి కూడా మా పాప కాళ్ళు చూస్తున్నాడని నాకు తెలుసు. పోయేటప్పుడు ఇద్దరం బస్సు ఎప్పుడుందో మాట్లాడుకునేవాళ్ళం.

మామిడి పూత రాలే రోజుల్లో ఒక పొద్దున నా భార్య పెరట్లోంచి పిలిచింది. గొట్టంలో అడుగు నుంచి పై దాకా తెలుపు. సాయంత్రానికి పాప కళ్ళు సగం మూసుకుపోయాయి. తిరుపతికి తీసుకుపోయాం. పాత మందు మోతాదు పెంచారు. నీరు కొంచెం లాగింది, మళ్ళీ పట్టింది. ఇంకొన్నాళ్ళకు పొట్ట కుండలా ముందుకొచ్చింది. అప్పుడు డాక్టరు మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టి మాట్లాడాడు. పాప బెంచీ మీద కాళ్ళూపుతూ కూర్చుంది.

"ఈ డబ్బా ఆపేద్దామన్నా," అన్నాడు. "పాపను ఈ పరిశోధనలోంచి తీసేస్తాను. కొత్త మందు విడిగా తెప్పించి, తెలిసే ఇద్దాం. ఈ డబ్బాలో ఉండేది ఉత్త మాత్రలేమో అని నా అనుమానం."

"ఇప్పుడు తెరిచి సూడలేమా?" అన్నాను.

"నా చేతిలో లేదు. మదరాసు నించి తెప్పించుకునే లోపల మందు మొదలుపెట్టేయొచ్చు. దాంతో పనిలేదు."

నేను తల ఊపబోతుండగా మా అమ్మ మాట్లాడింది.

"ఆపేదేంది నాయనా? స్వామి ఇచ్చింది గదా."

"అది పూలడగడం గాదమ్మా," అన్నాడు డాక్టరు. ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. "నీకు తెలియాలని మాటవరసకు అన్నాను."

"నువ్వు మాటవరసకు అన్నావు. నేను మొక్కుకున్నా. బిడ్డ సేత్తో తీయించినాం. ఆయన ఇచ్చింది వద్దని ఇంగోటి తీసుకుంటే, ఆయన సెయ్యి ఇడిసేస్తే మాకెవరు దిక్కు?"

ఆయన చాలా చెప్పాడు. కవర్లలోని నంబరు చీటీలు అచ్చువేసిన వాళ్ళెవరో, వాటికి వరస ఎట్లా పెట్టారో, అందులో స్వామికి ఏ పనీ లేదని, ఓపికగా, ఏమీ నొప్పించకుండా చెప్పాడు. అమ్మ అన్నీ విని, "నీకు తెలిసింది నువ్వు సెప్తా ఉండావు," అంది. ఆయన నా భార్య వైపు తిరిగాడు. ఆమె తల దించుకుని, "నాకూ అత్త మాటే నిజమనిపిస్తా ఉండాది. అన్ని నెలలు బాగుండింది ఆ డబ్బాతోనే గదా," అంది. అది తెలివితక్కువ మాటేమీ కాదు. ఆ మంచి నెలలు నిజంగానే ఉన్నాయి, మేమంతా చూశాం.

"మీరు సెప్పండి అన్నా," అన్నాడు డాక్టరు నాతో.

నేను పాప వైపు చూశాను. ఎందుకు చూశానో నాకు తెలీదు. బిడ్డను అడిగి మందులు వేసే తండ్రిని కాను.

"నేనే తీసినా గదా నాయనా," అంది పాప. "నాది మంచి సెయ్యే."

ఆ డబ్బా వద్దంటే, నీ చెయ్యి మంచిది కాదని ఆ బిడ్డతో అన్నట్టే అనిపించింది. "కానీండి సార్, కొన్నాళ్ళు ఇదే సూద్దాం," అన్నాను. ఆయన నన్ను తిడితే బాగుండేది. తిట్టకుండా, ఎప్పుడు మనసు మారితే అప్పుడు రమ్మన్నాడు. ఆ తర్వాత పోయిన ప్రతిసారీ అడిగాడు. ప్రతిసారీ మేం అదే డబ్బా పట్టుకుని వచ్చేశాం.

తొలకరికి ముందు ఒక మధ్యాహ్నం పాపకు జ్వరం వచ్చింది. పొట్ట ముట్టుకోనివ్వలేదు. టాక్సీ మాట్లాడుకుని తిరుపతికి పోయాం. పొట్టలో నిలిచిన నీటిలో చీము పట్టిందన్నారు. ఇంజెక్షన్లు వేశారు. పక్క మంచం వాళ్ళు ఫ్లాస్కులో కాఫీ ఇస్తే తాగాను, బాగుందని కూడా అన్నాను. మర్నాడు పొద్దున పాప పోయింది. డాక్టరు వచ్చి నిలబడ్డాడు. నేను లేచి, ఆయనకు కుర్చీ జరిపాను. అంతకుమించి నాకు ఆ రోజు గురించి చెప్పడానికేమీ లేదు. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూశాను గానీ రాలేదు.

చేయాల్సినవన్నీ చేశాక మండీ తెరిచాను. బండ్లు వచ్చి ఉన్నాయి. తుండుగుడ్డ కింద చెయ్యి పెట్టినప్పుడు అవతలివాడు నా వేళ్ళు మామూలు కంటే నెమ్మదిగా పట్టుకున్నాడు. బేరం సరిగ్గానే కుదిర్చాను. ఇంట్లో నా భార్య కొన్నాళ్ళ పాటు పొద్దున్నే లేచి పెరట్లోకి పోయి, బండ దగ్గర నిలబడి, ఊరికే తిరిగి వచ్చేది.

మిగిలిన మాత్రలు తిరిగి ఇవ్వాలని ఆసుపత్రి వాళ్ళు కబురు చేస్తే నేనే తీసుకుపోయాను. "మీ పాప సంగతి కూడా మా లెక్కలో ఉంటాది అన్నా," అన్నాడు డాక్టరు. "బాగైన పిల్లల్ని మాత్రమే లెక్కేస్తే అది అబద్ధమైపోతాది." ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను సరేనన్నాను. బజార్లో బస్సుకు టైముంటే ఒక చొక్కా గుడ్డ కూడా కొన్నాను.

మా అమ్మతో మాట్లాడడం ఎప్పుడు ఆపేశానో తెలీదు. పోట్లాట జరగలేదు. ఒక మాట అనలేదు. ఆమె వడ్డించేది, నేను తినేవాణ్ణి. ఇంకొంచెం వెయ్యమంటావా అని ఆమె అడిగితే చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. చెప్పాల్సింది ఏదైనా ఉంటే భార్యతో చెప్పేవాణ్ణి, అమ్మ అక్కడే ఉన్నా సరే. ఆ పొద్దు అమ్మ అడ్డం పడకుండా ఉంటే డాక్టరు మందు మార్చేవాడు, మారిస్తే పాప బతికేది. ఇది నాకు రెండు రెళ్ళు నాలుగన్నంత ఖాయంగా తెలుసు. ఇప్పుడు చెంపలేసుకోవడానికి ఇది రాయడం లేదు. అప్పుడు నాకు ఉన్నది అదొక్కటే. మిగతాదంతా మొద్దుబారిపోతే, ఆ కోపం మాత్రం పొద్దున నాతోపాటు లేచేది, నాతోపాటు మండీకి వచ్చేది.

అమ్మ తన తరఫున ఒక్క మాట చెప్పుకోలేదు. పూలు కట్టడం మానేసింది. తెలియని వాళ్ళెవరైనా వచ్చి పూలు అడిగించమంటే, "ఇంట్లో బిడ్డ లేదు గదమ్మా, ఎవరు తీస్తారు?" అని పంపించేది. నా భార్య ఒకసారి నాతో, "అత్త మాట నేనూ అన్నాను గదా, నాతోనూ మాట్లాడొద్దు మీరు," అంది. నేను తుండుగుడ్డ భుజాన వేసుకుని మండీకి పోయాను.

అట్లా ఏడాది దాటింది. ఒక రోజు మిట్టమధ్యాహ్నం, మండీలో జనం పలచబడ్డాక, ఆ డాక్టరు వచ్చాడు. తెల్లకోటు లేకుండా ఉంటే మొదట గుర్తుపట్టలేదు. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు. గోనెసంచుల మీద కూర్చోబెట్టి, బెల్లంముక్క, నీళ్ళు ఇచ్చాను.

"నాకు వేరే ఊరికి బదిలీ అయింది అన్నా. పోయే ముందు ఆ పరిశోధనలో ఉండిన ఇండ్లకంతా ఒకసారి పోయి వస్తా ఉండాను. మదరాసులో సీళ్ళు తెరిచినారు."

నేను కాటా పళ్ళెం తుడుస్తూ విన్నాను.

"మీ పాప డబ్బాలో ఉండింది కొత్త మందే."

కాటా పళ్ళెం కింద పెట్టాను. "అయితే ఆ పొద్దు మీరు మారుస్తామన్నది..."

"ఆ మందే. అదే మందు, అదే మోతాదు. మార్చి ఉన్నా డబ్బా మాత్రమే మారేది." ఆయన బెల్లంముక్కను చేతిలో తిప్పుతున్నాడు, తినలేదు. "కొందరు పిల్లలకు అది బాగా పని చేసింది. మీ పాపకు కొన్నాళ్ళు చేసింది, ఆపైన చెయ్యలేదు. ఆ పొద్దు మీరు ఏం సెప్పి ఉన్నా జరిగేది ఇదేనన్నా. అది మీకు తెలియాల అనిపించింది. అమ్మ ఉండాదా? ఆయమ్మకు కూడా సెప్పాలని వచ్చినా."

"నేను సెప్తాను," అన్నాను.

ఆయన్ని బస్సు దాకా సాగనంపి ఇంటికి పోయాను. దారిలో నా మనసు తేలిక కావాలి గదా అనుకున్నాను. కాలేదు. అమ్మకు మాత్రం అవుతుందనుకున్నాను. ఇన్నాళ్ళూ ఆమె మీద పెట్టిన బరువు నేనే దించబోతున్నాను గదా. చెప్పాలంటే కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

అమ్మ పెరటి వరండాలో చాట ముందు పెట్టుకుని వేరుశనగకాయలు ఒలుస్తోంది. ఏడాదిగా పిలవనివాణ్ణి, ఎట్లా పిలవాలో తెలియలేదు.

చివరికి ఎప్పటిలాగే "మా," అన్నాను.

తల ఎత్తింది. నేను నిలబడే, డాక్టరు వచ్చిన సంగతి, ఆయన చెప్పింది, ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అయితే బిడ్డ తీసింది మందేనా?"

"మందే."

"నేను అడ్డం పడింది..."

"నువ్వు అడ్డం పడకపొయ్యినా అదే ఇచ్చి ఉంటారంట. అప్పటికే ఆ మందే తింటా ఉండింది. నీ వల్ల గాదు మా."

ఏడుస్తుందేమో, స్వామికి దండం పెట్టుకుంటుందేమో అనుకున్నాను. ఏదీ చేయలేదు. ఇంకో కాయ తీసుకుని, చిదిమి, గింజలు చాటలో వేసింది. పొట్టు ఊదింది.

"నా వల్లనే అనుకోని ఇన్నాళ్ళూ ఎట్లో ఉండినా రా," అంది. "పొద్దున లేస్తే అదే అనుకునేదాన్ని. నేను సంపుకున్నా, అని. నువ్వు మాట్లాడకుండా ఉండేది కూడా సరే అనిపించేది." అప్పుడు నా ముఖంలోకి చూసింది. "నా వల్ల గాదంటే, మరి బిడ్డ యందుకు పొయ్యిందప్పా?"

నేను ఆ ప్రశ్న డాక్టర్ని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఆయన చెప్పినదంతా మళ్ళీ ఒకసారి మనసులో తిప్పి చూసుకున్నాను.

"తెలీదు మా," అన్నాను.

అప్పుడు ఏడ్చింది. పాప పోయిన రోజు కూడా ఆమె అట్లా ఏడవడం నేను చూడలేదు. నేను మండీకి తిరిగి పోలేదు. ఆమె ఏడుపు ఆగేదాకా పక్కన నేల మీద కూర్చున్నాను. కోపం కోసం లోపల వెతుక్కున్నాను, అది కూడా లేదు.